రెండు పచ్చలు

రాత్రి రెండుంబావు.
మొదటి తొట్టిలో నీళ్ళు పసుపు.
నిమ్మపండు పసుపు కాదు, గడప పసుపు అసలే కాదు,
కామెర్లొచ్చిన కంటి రంగు.

గర్బిన్యె యాసిడ్ పంపు తిప్పింది.
పీహెచ్ నాలుగు, మూడు, రెండున్నర.
ముల్లు అక్కడ కుదురుకున్నాక
మెటాబైసల్ఫైట్ సంచీ కొస కత్తిరించి
డబ్బాతో కొలిచి కొలిచి వేసింది.
అప్పుడే గీసి ఆర్పిన అగ్గిపుల్ల వాసన.

ఆ వాసనకి నాన్న గుర్తొస్తాడు.
బిషెంతె,
క్రోమ్ తొట్టి పక్కన ముప్ఫయ్యొక్కేళ్ళు నిలబడి
దేబా లోయ సైకిళ్ళ హ్యాండిళ్ళన్నిటికీ అద్దపు మెరుపు పెట్టినవాడు.
చుట్టాలొస్తే అగ్గిపుల్ల ఒకటి తీసి
ఈ ముక్కుపుటంలో దూర్చి ఆ ముక్కుపుటంలోంచి లాగేవాడు.
పిల్లలంతా చప్పట్లు.
అందరికంటే గట్టిగా తనే కొట్టేది.
ముక్కు దూలానికి ఆ కంత ఎందుకు పడిందో
పదిహేడో ఏట పాలిటెక్నిక్ పుస్తకంలో చదివింది,
ఆవిరి చెదలా తింటుందని.
ఆ రాత్రి భోజనానికి కిందికి దిగలేదు.

అప్పట్లో ఏరు
సోమవారం ఒక రంగు, గురువారం ఒక రంగు.
"ఇవాళ నికెల్ వదిలారు" అని
వంతెన మీంచే చెప్పేవాళ్ళు ఆడవాళ్ళు, బుట్టలు దించకుండా.
రొట్టె వచ్చేదీ ఆ ఒడ్డునుంచే,
ఎవరూ ఏటిని ఏమీ అనలేదు.

ఇదిగో, తొట్టి అంచున మొదలై
పసుపు విరుగుతోంది.
మధ్యకి పాకి, అడుక్కి దిగి
మొత్తం పచ్చబడింది.
ఇది తెలుగులో చెప్పబోతే నాలుక తడబడుతుంది:
విషమప్పుడూ పచ్చే, విరిగాకా పచ్చే.
వాళ్ళకి హోరి వేరు, బెర్దె వేరు.
ఆ రెండు మాటల నడుమ ఉంది
గర్బిన్యె ఉద్యోగం.
పేరుకి అర్థం నిర్మల అని తోటివాళ్ళ వేళాకోళం
ఎటూ ఉంది.

రెండో తొట్టిలో సున్నప్పాలు.
ఎనిమిదిన్నర దగ్గర చెయ్యి ఆపాలి.
ఇంకాస్త, ఇంకాస్త అని పది దాటిస్తే
పేరుకున్నది మళ్ళీ కరిగిపోతుంది.
చేరిన మూడో వారమే నేర్చుకుంది, జీతంలో కోతతో సహా.
పాలిమర్ చిటికెడు.
గొర్రెపాలు తోడుకున్నట్టు ముద్దలు ముద్దలుగా
బూడిదపచ్చ దిగుతుంది, పైన తేట.

తేటని నమ్మదు.
గ్లాసుతో తీసి పరీక్షకి పెట్టింది.
సున్నా పాయింటు తొమ్మిది.
ఫోను: "ఆరింటికి తొట్టి ఖాళీ కావాలి,
ఆరొందల కుళాయిలున్నాయి, వదిలెయ్."
ఫోర్‌మన్ అనైత్స్, నిద్రగొంతు.
"వదల్ను."
వాల్వు మూసి తాళంచెవి జేబులో వేసుకుంది.
పీహెచ్ కడ్డీ బయటికి లాగితే
సున్నం పొర కట్టి ఉంది, గంటనుంచీ అబద్ధం చెబుతోంది.
కడిగింది. మళ్ళీ మొదట్నుంచి.

పోయిన వసంతంలో నాన్న వచ్చాడిక్కడికి.
గొట్టం కొసన చాలాసేపు నిలబడి
"మరి ఆ పసుపంతా ఎటు పోయింది?" అన్నాడు.
ప్రెస్సు దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది,
పిండగా మిగిలిన ముదురుపచ్చ బిళ్ళలు, సంచులు, చీటీలు,
మంగళవారం లారీ,
కొండవతల అడుగున ప్లాస్టిక్ పరిచిన గొయ్యి.
"అంటే పోలేదన్నమాట."
"పోలేదు. ఎక్కడుందో తెలుసు, అంతే."
ముసలాయన ముక్కు నలుపుకున్నాడు.
"మాకు అదీ తెలీదు."

ఐదూ ఇరవై.
సున్నా పాయింటు సున్నా ఏడు.
వాల్వు తిప్పింది.
ఏ రంగూ లేనిది ఏట్లో కలుస్తోంది,
వంతెన మీద పాలవ్యాను ఆగకుండా పోయింది.
రంగు లేనిదాన్ని ఎవరు ఆగి చూస్తారు?
లాగ్‌బుక్కులో సంతకం పెట్టింది.
ముక్కు చీదుకుని
రుమాలు విప్పి
దీపం కింద ఒకసారి చూసుకుంది.